చిలకల బడి

జనవరి 9, 2005. ఆదివారం

ఎల్‌ఐసీ ఏజెంటు ఇచ్చిన డైరీ ఇది. ఏటా ఒకటి వస్తుంది, ఏటా నా భార్య జ్ఞానమ్మ దీని కాగితాలు చించి వంటింటి డబ్బాల కింద పరుచుకునేది. ఈసారి పరిచే మనిషి లేదు. నవంబరులో పోయింది. అందుకని నేను రాస్తున్నాను.

అసలు కారణం అది కాదు. ఇంట్లో నోరు విప్పకూడదని నియమం పెట్టుకున్నాను. నోరు మూసుకుని మనిషి ఎంతకాలమని ఉంటాడు, చేతికైనా పని చెప్పాలి కదా.

నోరు విప్పితే పాదిరి నేర్చుకుంటాడు. పాదిరి అంటే మా చిలక. మెడ చుట్టూ పాస్టరు కాలరులాంటి పట్టీ ఉందని జ్ఞానమ్మే ఆ పేరు పెట్టింది, పైగా ప్రసంగం మొదలుపెడితే ఆపడని. ఎనిమిదేళ్లుగా ఆమె మాటలే పట్టాడు. నేను చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర చెరుకు బండ్లు తూచేవాణ్ని, ఇంటికొచ్చి మాట్లాడింది తక్కువ, అందుకని నావి ఒక్కటీ అంటుకోలేదు. ఇప్పుడు రిటైరై పొద్దంతా ఇంట్లో ఉన్నాను. నేను గొణిగేదంతా నేర్చుకుని ఆమెది మరిచిపోతే నాకింకేం మిగులుతుంది? ఎవరైనా వస్తే బయటికి తీసుకెళ్లి మాట్లాడతాను, లేదా పలక మీద రాసి చూపిస్తాను. పిచ్చి పట్టిందని అనుకుంటున్నారు. అనుకోనీ.

ఇవాళ చర్చి నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపలి నుంచి వినిపించింది.

"ఇన్నవా? చాయ్ సల్లగైతున్నది."

అచ్చం ఆమే. 'ఇన్నవా' దగ్గర గొంతు కొంచెం పైకి, 'చాయ్' దగ్గర విసుగు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. 'ఇన్నవా' అంటే అది నేనే. తాళం చేతిలో పట్టుకుని గడప బయటే నిలబడ్డాను, ఇంకోసారి అంటాడేమోనని.

పంజరం కింద ఈకలు పడి ఉన్నాయి. చలికి రాలుతుంటాయి.

జనవరి 17

ఈకలు ఇంకా రాలుతున్నాయి. ఈ ఏడు చలి ఎక్కువ.

జనవరి 23

ఫ్యాక్టరీ నడుస్తోంది, బోధన్ అంతా మొలాసిస్ వాసన. కిటికీ ముందు నుంచి చెరుకు బండి పోతుంటే ఎంత తూగుతుందో అలవాటుగా అనుకుంటున్నాను. ఎవరడిగారు నన్ను?

సైరన్ మోగింది కదా అని అన్నం పెట్టుకుని కూర్చున్నాను. తిన్నాక గడియారం చూస్తే ఇంకా పన్నెండు కాలేదు. మోగింది ఫ్యాక్టరీ కాదు, పాదిరి. వీడు ఇలా జ్ఞానమ్మనూ చాలాసార్లు మోసం చేశాడు. నవ్వొచ్చింది. నోటికి తువాలు అడ్డం పెట్టుకుని నవ్వాను.

రాలిన చోట రెండు మూడు ఈకలు పసుపు రంగులో వచ్చాయి. నిజామాబాద్ యార్డులో పసుపు కుప్పల మీద దొర్లి వచ్చినట్టున్నాడు. బాగానే ఉంది చూడ్డానికి.

ఫిబ్రవరి 3

దాసు వచ్చాడు. చర్చిలో నా పక్కన కూర్చునే మనిషి, ఊరి చివర పందులు పెంచుతాడు. కూర్చోకముందే పంజరం వైపు చూశాడు.

"జయరాజన్న, పాదిరికి అంగీ ఊడిపోతున్నదేంది?"

పలక మీద 'చలి' అని రాసి చూపించాను. దాసుకు చదువు అంతంత మాత్రమే. బయటికి తీసుకెళ్లి చెప్పాను.

"చలికి ఈకలు దట్టంగ రావాలె గని రాలుతయా?" అన్నాడు. తర్వాత తన బాధ మొదలుపెట్టాడు. "నా పంది పిల్లలు సుత గిట్లనే పాడైనయి. తల్లి పాలు మరిచిన కాడికెల్లి తింటనే ఉన్నయి, ఎదుగుత లేవు. ఎన్నుపూస తేలింది, తోలు తెల్లగయింది. పసిపిల్లలకు ముసలి మొకాలు వడ్డయన్న. సూడలేకపోతున్న. నిజామాబాద్ కెల్లి డాక్టరమ్మ వచ్చి సూసింది. పాదిరిని గామెకు సూపెట్టు."

చూపించడానికేముంది, రోగమైతే కదా, అన్నాను. టేపు రికార్డరు మాత్రం అడిగాను. పాదిరికి ఏమీ కాదు, అయినా ఎందుకైనా మంచిది.

ఫిబ్రవరి 6

టేపు పెట్టి పొద్దంతా కూర్చున్నాను. ఎర్రదీపం వెలగగానే పాదిరి నోరు మూసుకున్నాడు. అటూ ఇటూ క్యాసెట్ అంతా తిరిగింది. సాయంత్రం వేసి విన్నాను. వీధిలో బండి, ఎక్కడో కుక్క, నా ఊపిరి. మధ్యలో ఒకచోట జ్ఞానమ్మ దగ్గు.

నిరుడంతా దగ్గింది కదా, వీడు అదీ పట్టాడు. దగ్గు తుడిచేసి టేపు ఇచ్చేశాను. టేపుతో పని ఏముంది? టేపు నన్ను పిలవదు. నేను మీట నొక్కితే పలుకుతుంది. పిలుపు అంటే మనం అనుకోనప్పుడు రావాలి.

ఫిబ్రవరి 10

నిజామాబాద్ వెళ్లాను. పంజరం మీద జ్ఞానమ్మ పాత చీర ముక్క కప్పుకుని, దొంగ సరుకు తీసుకెళ్తున్నట్టు బస్సులో మూల కూర్చున్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. రామచిలకను పంజరంలో పెట్టడం చట్టం ప్రకారం నేరమని ముందు తిట్టింది. ఆ తర్వాత పాదిరి రెక్క విప్పి, కొత్తగా మొలిచే ఈకలు నాకు చూపించింది. మొదళ్ల దగ్గరే నెత్తురు గడ్డకట్టి, దారంతో బిగించినట్టు నొక్కుకుపోయి ఉన్నాయి. ముక్కు మీద ఉండాల్సిన పొడి కూడా లేదట, అందుకే నల్లగా మెరుస్తోందట. మెరిస్తే మంచిదే కదా అనుకున్నాను ఇన్నాళ్లు.

"సర్కోవైరస్ అని నా అనుమానం అంకుల్," అంది. "పరీక్ష చేసే సౌకర్యం మన దగ్గర లేదు. వైరస్‌లల్ల గూడ చానా చిన్నది. లోపల గుండ్రంగ చుట్టిన దారం ముక్క అసొంటిది ఉంటది, గంతే. గీ ఖాందాన్ల ఒకటి పందులకు వస్తది, ఒకటి పావురాలకు, ఒకటి చిలకలకు."

"దాసు పందులకెల్లి అంటిందా?"

"లేదు. ఖాందాన్ ఒకటే, ఇండ్లు వేరు. పందులది చిలకలకు రాదు, చిలకలది పందులకు రాదు. మనుషులకు అసలే రాదు."

"మందు?"

"లేదంకుల్."

ఇంకా చాలా చెప్పింది. అన్నీ రాయను. ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. "ఇంటికి వేరే చిలకలు ఏమన్న వచ్చినయా?" అని అడిగింది.

వచ్చాయి. ఏటా వస్తాయి. జ్ఞానమ్మ ఎండాకాలం బడి పెట్టేది. గౌండ్ల ముత్తన్న కల్లు గీయడానికి చెట్లెక్కినప్పుడు తొర్రల్లో చిలక పిల్లలు దొరుకుతాయి. వాటిని కొనుక్కున్నవాళ్లు మాటలు రావాలని మా వరండాలో పాదిరి పక్కన వేలాడదీసి పోయేవాళ్లు. పెద్ద చిలక మాట్లాడుతుంటే పిల్ల చిలక నేర్చుకుంటుంది. ఫీజు కింద పచ్చి మిరపకాయలు, జామకాయలు. వానలు పడే వేళకు పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు. జ్ఞానమ్మ దీనికి ఎంత మురిసిపోయేదో. మాకు పిల్లలు లేరు, వరండా నిండా ఆ పిల్లలే.

అంటే ఏమిటి ఈమె అనేది? నిరుడు వచ్చిన పిల్లల్లో ఏదో తెచ్చిందనా? జ్ఞానమ్మ బడి వల్లనే పాదిరికి రోగమనా? చచ్చినదాని మీద నేరం మోపుతుందా? ఒంటి మీద కారం చల్లినట్టయింది. ఏమీ రాలేదమ్మా అని చెప్పి లేచాను.

ఫిబ్రవరి 21

దాసు పందులన్నిటినీ చంపించేశాడు. దొడ్డిలో గడ్డి తగలబెట్టి సున్నం చల్లాడు. వానలు పోయేదాకా ఖాళీగా ఉంచుతాడట. డాక్టరమ్మ చెప్పిందని చేశాడు. మనసెలా ఒప్పిందో ఆ మనిషికి.

మార్చి 6

రుక్మాబాయి గేటు దగ్గరికి వచ్చింది, చేతిలో కొత్త పంజరంతో. మా గోడ అవతలి ఇల్లు ఆమెది. కూరగాయల మార్కెట్లో కూర్చుంటుంది. మరాఠీ వాళ్లు, కానీ మాకంటే గట్టిగా తెలుగులో పోట్లాడుతుంది. భర్త బాపురావు చెరుకు బండి తోలేవాడు. నా కాటా మీదికి ఎన్నిసార్లు వచ్చాడో. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. మాట సరిగా రాదు.

"అన్న, ముత్తన్న ఇచ్చిండు గీ పిల్లను. జరంత బడిల ఏసుకో," అంది. "నేను మార్కెట్ల ఉన్నంతసేపు గీయనతోని మాట్లాడెటోళ్లు లేరు. గోడ దిక్కు సూస్కుంట పంటడు. అక్క ఉన్నప్పుడు గోడ మీదికెల్లి పలకరిస్తుండె. గీ పిల్లకు నాలుగు మాటలొస్తే గీయనకు తోడయితది."

డాక్టరమ్మ అన్నది రాయక తప్పదు. ఇంకో చిలకను దగ్గరికి రానివ్వద్దు, ఈకల పొడిలో, రెట్టలో రోగం ఉంటుంది, పసి పిల్లలకైతే మరీ త్వరగా అంటుతుంది, అంది. చెవులతో విన్నాను.

కానీ పరీక్ష చేయలేదు కదా. అనుమానం అంది అంతే. పాదిరి ఎన్నాళ్లుంటాడో తెలియదు. ఈ పిల్ల నేర్చుకుంటే జ్ఞానమ్మ గొంతు గోడ అవతల ఉంటుంది. నాకు వినిపిస్తుంది.

"అక్క మాటలు మంచిగ నేర్తదా?" అని అడిగింది రుక్మాబాయి.

"నేర్తది," అన్నాను.

వేరే పంజరమే. మధ్యలో మూరెడు ఖాళీ ఉంది.

మార్చి 13

పాలు పోసే వెంకటవ్వ కూడా ఒక పిల్లను తెచ్చింది. ఒకటి ఉన్నాక రెండోది వద్దంటే అనుమానం రాదా. ఇంకో మేకు కొట్టి పంజరం తగిలించాను.

మార్చి 27. ఈస్టర్

చర్చిలో పాటలు పాడుతుంటే నాకు ఇంటి మీదే ధ్యాస. పాదిరి మాటలు తగ్గించాడు. పిల్లలేమో నోళ్లు తెరుచుకుని వాడి వంకే చూస్తాయి, పాఠం రాదు. రోజంతా మౌనంగా కూర్చుని చివరికి ఒక్కసారి దగ్గుతాడు. ముందు గొంతు సవరించుకున్నట్టు, తర్వాత లోపలి నుంచి పేగులు కదిలినట్టు, ఆఖరున 'హమ్మ' అని చిన్నగా. జ్ఞానమ్మ పోయిన ఏడాది ఇదే వరండాలో కూర్చుని ఇలాగే దగ్గేది. విన్న ప్రతిసారీ చేతులు వాటంతటవే నీళ్ల చెంబు వైపు పోతున్నాయి.

ఒంటి మీద సగం ఈకలు లేవు. ఎండ ముదిరింది, వేడికి రాలుతాయి.

ఏప్రిల్ 2

మూరెడు దూరం నుంచి పాఠం సరిగా అందడం లేదు. మూడూ ఒకే పంజరంలో వేశాను. పెద్దది, ఫ్యాక్టరీ దగ్గర చేయించింది. పిల్లలు పాదిరికి ఆనుకుని పడుకున్నాయి. వాడు ముక్కుతో వాటి నెత్తి దువ్వాడు. జ్ఞానమ్మ చూస్తే ఏమనేదో.

ఏప్రిల్ 9. ఉగాది

ఒక పిల్ల 'ఇన్' అంది. ఖచ్చితంగా అంది.

ఏప్రిల్ 15

వెంకటవ్వ పిల్ల మెడ వాల్చేసి కూర్చుంటోంది. నీళ్లలో చక్కెర కలిపి పోశాను.

ఏప్రిల్ 17

చనిపోయింది. జామచెట్టు కింద పాతాను.

ఏప్రిల్ 18

ముత్తన్న దగ్గర ఇంకొకటి తీసుకుని పంజరంలో వేశాను. వెంకటవ్వకు చెప్పలేదు. అన్నీ ఒకేలా ఉంటాయి.

ఏప్రిల్ 30

రుక్మాబాయి తన పిల్లను తీసుకుపోయింది. బాపురావు తొందర పెడుతున్నాడట.

"ఏమేం నేర్చిందన్న?" అని గేటు దగ్గర అడిగింది.

అన్నీ నేర్చింది, కొత్త ఇల్లు కదా, అలవాటైతే మాట్లాడుతుంది, అన్నాను. వెంకటవ్వ పిల్లను కూడా పంపేశాను. సాయంత్రం గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అవతల నుంచి చప్పుడు లేదు.

ఏప్రిల్‌లో రాసినవి ఒకసారి చదివాను. ఎందుకు చదివానో.

మే 11

పాదిరి ముక్కు పొడుగ్గా పెరిగి పగుళ్లు పడింది. మిరపకాయ కొరకలేకపోతున్నాడు. శనగలు నానబెట్టి నలిపి పెడుతున్నాను. వేలు ముక్కుకు తగిలితే కళ్లు మూసుకుంటాడు. నోరు విప్పి ఒక్క మాట చెబుదామనిపిస్తుంది. వద్దు. ఇప్పుడు నేర్చుకుంటే నా మాటే వాడి చివరి మాటవుతుంది.

మే 12

ఎండలు.

మే 29

రుక్మాబాయి గేటు దగ్గరికి వచ్చింది. చర్చి బట్టలు ఇంకా మార్చుకోలేదు నేను.

"అన్న, పిల్ల బోసిగ అయితున్నది," అంది. "రొమ్ము మీద ఒక్క ఈక లేదు."

"ఏమన్న మాట్లాడుతున్నదా?" అన్నాను. "ఇన్నవా అంటున్నదా?"



"నేను ఈకలు ఊడుతున్నయంటే నువ్వు మాటల సంగతి అడుగుతవేందన్న? మాటల్లేవు. దగ్గుతది. గంతే వచ్చు దానికి. వచ్చి సూడు."

వెళ్లాను. గోడ అవతలే అయినా జ్ఞానమ్మ పోయాక ఆ ఇంటి గడప తొక్కలేదు. మంచం మీద బాపురావు ఉన్నాడు, తల దగ్గర పంజరం. పిల్ల ఒంటి మీద తోలు కనిపిస్తోంది, గులాబీ రంగులో. దాసు చెప్పిన పంది పిల్లలు గుర్తొచ్చాయి. పసిదానికి ముసలి ముఖం పడింది. అదెక్కడి ముఖమో నాకు తెలుసు. నవంబరులో దవాఖానలో చూశాను.

నేను కూర్చోకముందే దగ్గింది. గొంతు సవరింపు, లోపలి దగ్గు, చివర 'హమ్మ'. ఒక్కటీ తప్పలేదు. నేను గుమ్మం వైపు తిరిగి చూశాను, ఎవరొచ్చారోనని.

బాపురావు పనిచేసే చెయ్యి పైకి లేపాడు. "నీ... ళ్లు," అన్నాడు.

రుక్మాబాయి గ్లాసులో నీళ్లు ముంచి తెచ్చింది, కానీ అతనికి ఇవ్వలేదు. పంజరం పక్కన స్టూలు మీద పెట్టింది. బాపురావు చెయ్యి దించాడు.

"పది దినాల సంది గిదే," అంది. "నిరుడంత గోడ మీదికెల్లి ఇన్నడు గద అక్క దగ్గు. గా పిల్ల దగ్గినప్పుడల్ల జ్ఞానమ్మక్కకు నీళ్లియ్యి అంటడు. నేను పెడుత, మల్ల తీస్త. అక్క లేదని చెప్తే ఏడుస్తడు."

మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను. నేను పంపిన గొంతు ఇదా? పిలుపు పంపాననుకున్నాను. ఆమె పడ్డ బాధను తెచ్చి ఈ మనిషి తల దగ్గర వేలాడదీశాను.

"రుక్మా," అన్నాను, "పాదిరికి రోగమని నాకు ముందే తెల్సు. పిల్లను తేవద్దని డాక్టరమ్మ చెప్పింది. తెల్సే తీసుకున్న."

అరుస్తుందనుకున్నాను. కొంగుతో గ్లాసు కింద పడ్డ తడి తుడిచింది.

"నీకు అక్క గొంతు కావాలె," అంది. "నాకు గీయనకు తోడు కావాలె గదన్న. గిది పోతే ఇంకొకటి తెస్త. అయితే గోడ అవతల నీ పాదిరి ఉన్నన్ని దినాలు ఏం తెచ్చి ఏం లాభం? చెప్పు."

లేచి వచ్చాను. నేను గేటు తీస్తుంటే లోపల మళ్లీ దగ్గింది.

మే 31

వెంకటవ్వకు కూడా చెప్పాను, మొదటి పిల్ల చచ్చిన సంగతితో సహా. రెండో పిల్లకూ ఈకలు పోతున్నాయట. ఈ పొద్దు మా ఇంటికి పాలు రాలేదు.

జూన్ 5

పాదిరిని లోపలి గదిలోకి మార్చి కిటికీలు మూశాను. పంజరం బయట పెడితేనే కదా పొడి ఎగిరేది, లోపలుంటే ఎవరికి నష్టం అనుకున్నాను. వరండా ఊడ్చి కడిగాను. మధ్యాహ్నానికి గది కుంపటిలా అయింది. వాడు రెక్కలు దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతున్నాడు. రెక్కలని అలవాటుగా రాశాను, ఎముకలవి. కిటికీ తీశాను. తీస్తే గోడ కనిపించింది. మళ్లీ మూశాను.

జూన్ 8

పై ముక్కు కొస విరిగిపోయింది. నెత్తురు కారింది. నలిపి పెట్టినా మింగడం లేదు.

పిలవక చాలా రోజులైంది. దగ్గు కూడా లేదు. రోజుకు ఒక్కసారి పిలిస్తే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాను అని మనసులోనే అనుకుని, వాడి ముందు కూర్చుని చేతులు జోడించాను. వాడు నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు. వాడికి నొప్పి. అది నాకు తెలియకపోలేదు. వాడి నొప్పి మీద కూర్చుని నేను నా భార్య గొంతు కోసం చెవి రిక్కిస్తున్నాను. జ్ఞానమ్మ ఉంటే నన్ను చీపురు తిరగేసి కొట్టేది.

జూన్ 11

తొలకరి. రుక్మాబాయి పిల్ల పోయింది. బాపురావు నీళ్లు అడుగుతూనే ఉన్నాడట.

జూన్ 13

వెళ్లొచ్చాను. రాస్తాను.

పంజరం మీద అదే చీర ముక్క కప్పాను. దాసు తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. నిజామాబాద్ బస్సు కిక్కిరిసి ఉంది. తడి గొడుగులు, మార్కెట్ సంచులు. ముందర ఒక సీటు ఖాళీ కనిపిస్తే పంజరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడు మాట్లాడి ఎన్ని రోజులైందో. గొంతు ఎప్పుడో పోయింది, ఇప్పుడు తీసుకెళ్తున్నది ఒట్టి రోగిష్టి పక్షిని, అని నాకు నేను చెప్పుకున్నాను. ఎడపల్లి దాకా అదే చెప్పుకున్నాను.

ఎడపల్లి దాటాక కండక్టరు వచ్చాడు.

"ఓ పెద్దాయన, ఇది ఆడోళ్ల సీటు. లెవ్వు, ఎనుకకు పో."

లేవబోతున్నాను. అప్పుడు చీర కింద నుంచి వచ్చింది.

"ఇన్నవా?"

గట్టిగా కాదు. జ్ఞానమ్మ నలుగురిలో పిలిచినప్పుడు ఎలా తగ్గించి పిలుస్తుందో అలా.

కండక్టరు నా వెనక చూశాడు, పక్కన చూశాడు. అక్కడంతా జనం. ఆ జనంలో నా భార్య నిలబడి ఉందనుకున్నాడు.

"అమ్మ సుత ఉన్నదా? చెప్పొద్దా మరి. కూసో, కూసో," అన్నాడు. నిలబడ్డ జనంతో, "జర జరుగుండ్రి, ఆమెను ముందుకు రానియ్యుండ్రి," అన్నాడు. ఎవరో పక్కకు జరిగారు. నా పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీ అయింది. ఎవరూ రాలేదు.

"నిజామాబాద్ రెండా?" అన్నాడు.

"రెండు," అన్నాను.

రెండు టికెట్లు చించి ఇచ్చాడు. ఆ ఖాళీ జాగాలో జానకంపేట దాకా ఎవరూ కూర్చోలేదు. తర్వాత ఒక పిల్లతల్లి వచ్చి కూర్చుంది. దిగిపోదామని చాలాసార్లు అనుకున్నాను. పిలిచాడు కదా, ఇంకా పిలుస్తాడు కదా, ఇంకో పది రోజులు, ఇంకో నెల. ప్రతి స్టాపు దగ్గరా పంజరం కడ్డీ పట్టుకున్నాను. నా పక్కన ఆ పిల్లతల్లి బిడ్డకు నీళ్లు తాగించింది. బాపురావు ఎత్తిన చెయ్యి నా కళ్ల ముందు నుంచి పోలేదు. దిగలేదు.

డాక్టరమ్మ ఈసారి తిట్టలేదు. చీర తీసి చూసింది. వీడి నొప్పి ఆపెయ్యమని, ఇంకే పిల్లకూ అంటకూడదని తెచ్చాను అన్నాను. ఫిబ్రవరిలో అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. తల ఊపింది.

"మీరు బయట కూసోండ్రి అంకుల్. నేను చూసుకుంట."

"లేదమ్మ, నేను పట్టుకుంట."

తువాలులో చుట్టి పట్టుకున్నాను. బరువే లేదు. జీవితమంతా బండ్లు తూచిన చేతులు ఇవి. సూది పొడిచే ముందు వాడు నా వైపు తల తిప్పాడు. నవంబరు నుంచి వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో 'రెండు' అన్నది కూడా కండక్టరుతోనే.

"ఇన్న," అన్నాను.

పంజరం కాల్చెయ్యమంది, అక్కడే ఇచ్చేశాను. చీర ముక్క మాత్రం అడిగి తెచ్చుకున్నాను, బాగా ఉడకబెట్టి వాడుకోమంది. తిరుగు బస్సులో ఒక టికెట్టు తీసుకున్నాను.

జూన్ 14

వాన. చీర ఉడకబెట్టి ఆరేశాను. వరండాలో మేకులు పీకాను. సున్నం తెప్పించాలి, దాసుకు చెప్పాను. వచ్చే ఏడు ముత్తన్నకు దొరికే మొదటి పిల్ల రుక్మాబాయి ఇంటికి పోతుంది, దానికి ఎవరి మాటలు వస్తే అవే వస్తాయి.

పొద్దున చాయ్ పెట్టి గ్లాసు వరండాలోకి తెచ్చుకుని కూర్చున్నాను. తాగబుద్ధి కాలేదు. ఇక ఇంట్లో మాట్లాడితే నేర్చుకునేవాళ్లెవరూ లేరు, ఎంత మాట్లాడినా పర్వాలేదు. కానీ ఏం మాట్లాడాలో తోచలేదు. నాకు వచ్చిన మాటలు కూడా అవే.

"ఇన్నవా? చాయ్ సల్లగైతున్నది," అన్నాను, గట్టిగా.

నా గొంతు నాకే మొరటుగా వినిపించింది. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. గ్లాసు ఎత్తబోతుంటే గోడ అవతల మంచం కిర్రుమంది.

"ఆఁ," అన్నాడు బాపురావు.

రెండో గ్లాసు కడిగాను.